హెచ్‌ఎంపీవీ వార్తలు: మళ్ళీ నెలల సరుకు నింపుకోవాలా?

వీధిగుమ్మం (విజయనగరం)
6 జనవరి 2025, రాత్రి 8.15

బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ ఉందని తేలినప్పటి నుంచి టీవీలో ఒకటే మోత. సాయంత్రానికి మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరిదో గొంతు రికార్డు తిరుగుతోంది: పండగ వెళ్ళగానే అన్నీ మూసేస్తారట, మూడు నెలల సామాను తెచ్చిపెట్టుకోవాలట. అది విన్న అరగంటకే పై అంతస్తు వాళ్ళు బియ్యం బస్తాలు, నూనె ప్యాకెట్ల అట్టపెట్టెలు ఆటోలోంచి దింపించారు.

సంక్రాంతి సామాను ఎలాగూ తేవాలి. అత్తయ్యగారికి బీపీ, షుగరు. పాప చిన్నది. ఆ అట్టపెట్టెలు మెట్లెక్కుతుంటే చూసి ఊరుకోవడం కష్టంగానే ఉంది. 2020లో కొట్టు నడిపినవాళ్ళు, మందుల షాపుల్లో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉంటే చెప్పండి, నిజంగా అవసరమా?

---

ముందుజాగ్రత్త (శ్రీకాకుళం)
6 జనవరి, రాత్రి 8.31

అవసరమే. అడిగేలోపు తెచ్చుకోండి. 2020లో "ఏమీ కాదు" అన్నవాళ్ళే మార్చి 25న ఖాళీ సంచులతో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూ తిరిగారు. నేను ఇవాళే కందిపప్పు 20 కిలోలు, నూనె రెండు పెట్టెలు, సబ్బులు, బట్టల పొడి తెచ్చేశాను. ఇంట్లో ఉంటే పాడైపోతుందా? నాలుగు రోజులు ఆలస్యంగా తింటాం, అంతే.

---

గంటస్తంభం కిరాణా (విజయనగరం)
6 జనవరి, రాత్రి 9.50

ఇప్పుడే షట్టరు దించి వచ్చాను. అమ్మా, మీ పై అంతస్తు వాళ్ళు మా కొట్టుకే వచ్చి ఉంటారు, సాయంత్రం నుంచి అదే వరస. తమాషా ఏమిటంటే ఇది అరిసెల బెల్లం, నూనె అమ్ముడుపోయే వారం. ఎవరు పండగకు కొంటున్నారో, ఎవరు భయంతో కొంటున్నారో మొహం చూస్తే తెలియదు, చీటీ చూస్తే తెలుస్తుంది. చీటీలో బెల్లం, నువ్వులు, బియ్యప్పిండి ఉంటే పండగ. డెట్టాలు, ఉప్పు, అగ్గిపెట్టెలు, మ్యాగీ ఉంటే టీవీ.

2020 సంగతి చెబుతాను. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే రాష్ట్రంలో 31 వరకు లాక్‌డౌన్ అన్నారు. 24 రాత్రి 8 గంటలకు ప్రధాని 21 రోజులు అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే నా ఫోను మోగడం మొదలైంది. మర్నాడు ఉదయం ఆరింటికి షట్టరు సగం ఎత్తేసరికి కొట్టు ముందు పండగనాటి జనం. ముగ్గు పిండితో గడులు గీయడం ఆ తర్వాతి మాట. ఆ మొదటి పూట ఎవరూ ఎవరికీ దూరంగా లేరు. వైరస్‌కు భయపడి వచ్చినవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదులుతూ నిలబడ్డారు.

అప్పటికి మన జిల్లాలో ఒక్క కేసు కూడా లేదు. మే నెల వచ్చేదాకా లేదు. పక్కన శ్రీకాకుళంలో ఏప్రిల్ చివర్లో మొదలయ్యాయి. జబ్బు రావడానికి దాదాపు నెలన్నర ముందే అరలు ఖాళీగా చూశాం.

ముందు అయిపోయింది బియ్యం అనుకుంటారు. కాదు, లీటరు నూనె ప్యాకెట్లు. హోటళ్ళు మూతపడ్డాయి కాబట్టి వాళ్ళు కొనే 15 కిలోల డబ్బాలు గోడౌన్లలో కదలకుండా పడి ఉన్నాయి. ఇళ్ళవాళ్ళకు కావలసిన ప్యాకెట్లు మాత్రం లేవు. నూనె ఉంది, సంచీలో పట్టే నూనె లేదు. తర్వాత గోధుమపిండి, ఉప్మా రవ్వ, కందిపప్పు.

లారీ వచ్చినా దింపేవాళ్ళు లేరు. కలాసీలంతా పల్లెలకు వెళ్ళిపోయారు. నేనూ మా తమ్ముడూ బస్తాలు మోశాం. అంతకు ముందు వారం దాకా అరువు ఇచ్చిన హోల్‌సేల్ వ్యాపారి డబ్బు చేతిలో పడితేగాని సరుకు కదపనన్నాడు. ధర కూడా అతను ఎంత అంటే అంత. జనం మాత్రం నన్ను తిట్టారు. కౌంటరు వెనక ఉన్నది నేను కదా.

---

లెక్కల మాస్టారు (బొబ్బిలి)
6 జనవరి, రాత్రి 10.20

కిరాణా బాబు చెప్పినదానికి చిన్న లెక్క. ఒక వీధిలో వంద ఇళ్ళు. ఇంటికి నెలకు 4 లీటర్ల నూనె. అంటే వారానికి వీధి మొత్తానికి 100 లీటర్లు. కొట్టువాడు వారం సరుకే పెట్టుకుంటాడు, అంతకు మించి పెట్టుబడీ ఉండదు, చోటూ ఉండదు. ఇప్పుడు పాతిక ఇళ్ళవాళ్ళు మాత్రం నెల సరుకు ఒకే పూట పట్టుకెళ్ళారనుకోండి. పాతిక నాలుగులు వంద. మిగతా 75 ఇళ్ళకు ఆ సాయంత్రం నూనె లేదు.

ఇందులో జబ్బు లేదు, లారీల సమ్మె లేదు, పంట నష్టం లేదు. ఆ పాతికమందిలో ఒక్కరూ దురాశాపరులు కారు, ఎవరికి వారు ఇంటి మంచే చూసుకున్నారు. మూడు నెలల సరుకు అంటే ఇంటికి 12 లీటర్లు, అప్పుడు తొమ్మిదో ఇంటి దగ్గరే కొట్టు ఖాళీ.

---

ముందుజాగ్రత్త
6 జనవరి, రాత్రి 10.34

మాస్టారూ, లెక్క బాగుంది. అందులో నేను ఏ ఇంటివాడిని కావాలి, మొదటి తొమ్మిదిమందిలోనా, మిగతా తొంభైఒక్కమందిలోనా? నేను కొనకపోతే పక్కవాడు ఆగుతాడని హామీ ఇవ్వండి, నేనూ ఆగుతాను. తుపాను వచ్చే ముందు మనమంతా కొవ్వొత్తులు, నీళ్ళు, పాలపొడి కొనిపెట్టుకోమా? అప్పుడు ముందుచూపు అన్నది ఇప్పుడు దురాశ ఎలా అయింది?

---

ఉద్దానం జీడితోట (కవిటి)
7 జనవరి, ఉదయం 6.40

తుపాను పేరు వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా నెత్తి మీదుగానే వెళ్ళింది. కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. రోడ్ల నిండా మానులే. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, మోటార్లు లేక తాగే నీళ్ళు లేవు. కొవ్వొత్తికి, నీళ్ళ క్యానుకు ఎంత అడిగితే అంత ఇచ్చాం. అక్కడ ముందే కొనిపెట్టుకున్నవాడు తెలివైనవాడే. ఎందుకంటే దారి తెగుతుంది, ఎన్ని రోజులకు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

2020లో మాత్రం రోడ్డు తెగలేదు. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగింది మొదటి కొద్ది రోజులు, ఏది అత్యవసర సరుకు, ఏది కాదు అన్న వాదనతో. మార్చి 29న అన్ని రకాల సరుకు లారీలనూ వదలమని కేంద్రం చెప్పాక కదిలాయి. తుపానుకు పెట్టుకునే సరుకు వేరు, ఇది వేరు. తుపానులో జనం కొన్నా కొనకపోయినా లారీ రాదు. ఇక్కడ లారీ వచ్చేదాకా ఉన్నది అందరికీ సరిపోయేదే, ఒక్క పూటలో ఊడ్చేస్తే తప్ప.

ఇంకొకటి. మా వైపు కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలుసు. మా ఇంట్లోనే ఇద్దరు. మాకు పప్పు లేకపోతే పచ్చడి మెతుకులతో గడుస్తుంది. సోడియం బైకార్బొనేట్ బిళ్ళలు, బీపీ బిళ్ళలు తప్పితే గడవదు. డయాలసిస్ రోజు దాటితే గడవదు. అప్పట్లో సోంపేట దాకా బండి మీద వెళ్ళాలన్నా చేతిలో కాగితం ఉండాలి. పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చింది, అప్పటికి లేదు.

---

మందుల చీటీ (శ్రీకాకుళం)
7 జనవరి, ఉదయం 9.05

మందుల షాపు నాది. ముందు వీధిగుమ్మం గారికి: అత్తగారి బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా ఉంచుకోండి, అయిపోవడానికి పది రోజుల ముందు మళ్ళీ తెచ్చుకోండి. అది నిల్వ చేయడం కాదు, మామూలు రోజుల్లోనూ అలాగే చేయాలి. ఇన్సులిన్ అయితే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కాబట్టి కరెంటు పోయే ఊళ్ళో గుట్టగా కొనడం డబ్బు పారేసుకోవడమే.

హెచ్‌ఎంపీవీ కొత్త వైరస్ కాదు. 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు, అంతకు ముందు నుంచే మనుషుల్లో తిరుగుతోంది. చలికాలంలో పిల్లలకు వచ్చే జలుబు, దగ్గుల్లో కొంత దీనివల్లే. దీనికంటూ ప్రత్యేకమైన మందూ లేదు, టీకా కూడా లేదు. జ్వరానికి పారాసిటమాల్, తాగడానికి నీళ్ళు, ఆయాసం వస్తే ఆసుపత్రి. నిన్నటి నుంచి అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు అడుగుతున్నారు. అది బ్యాక్టీరియాకు, వైరస్‌కు పనిచేయదు. చీటీ లేకుండా ఇవ్వను అంటే పక్క షాపుకు వెళ్తున్నారు.

2020 మార్చిలో నేను చూసినది రాస్తాను. మాస్కులు, శానిటైజర్లను 13న నిత్యావసర వస్తువుల చట్టం కిందకు తెచ్చారు. 21న ధర కట్టారు: రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10, శానిటైజరు 200 మిల్లీలీటర్లకు 100. కానీ మాకు సరుకు పడే ధరే అంతకన్నా ఎక్కువ ఉండేది, కాబట్టి చాలామంది తెప్పించడమే మానేశారు. మాస్కుల గొడవ గుడ్డ మాస్కులతో తీరింది. శానిటైజరు లేని ఇంట్లో సబ్బు ఉంది, 20 సెకన్లు రుద్దితే అంతే పని చేస్తుంది.

తీరని గొడవ హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందుది. వైద్య సిబ్బందికీ, రోగి ఇంట్లో ఉన్నవాళ్ళకూ ముందు జాగ్రత్తగా వాడొచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సలహా వచ్చిందో లేదో, ఊరంతా ఎగబడింది. మార్చి 26న దాన్ని హెచ్1 జాబితాలో పెట్టి చీటీ తప్పనిసరి చేసేసరికే అరలు ఖాళీ. ఆమదాలవలస నుంచి ఒకావిడ ప్రతి నెలా మా దగ్గరికి వచ్చేవారు. ఆవిడకు లూపస్, అంటే ఒంట్లోని రక్షణ శక్తే ఒంటిని దెబ్బతీసే జబ్బు. ఆ మందు రోజూ వేసుకోవాలి, ఆపితే జబ్బు తిరగబెడుతుంది. పాత చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చి, ఒక్కొక్కటీ తీసి కౌంటరు మీద పరిచారు, తాను అబద్ధం చెప్పడం లేదని రుజువు చేసుకోవాలన్నట్టు. నా దగ్గర లేదు. విశాఖలో తెలిసిన డిస్ట్రిబ్యూటరుకు చెప్పి తెప్పించడానికి చాలా రోజులు పట్టింది. ఆ మందు కొనుక్కెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఒక్క బిళ్ళ కూడా వేసుకోలేదు. మరుసటి ఏడాది గడువు తీరిన స్ట్రిప్పులు తెచ్చి వెనక్కి తీసుకుంటారా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఉద్దానం వాళ్ళకు ప్రత్యేకంగా: జ్వరాల కాలం కదా అని నొప్పి బిళ్ళలు డబ్బాల కొద్దీ కొనిపెట్టుకోకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు కిడ్నీలకు చెరుపు.

---

డాలస్ దాసన్నపేట
7 జనవరి, ఉదయం 10.12

పుట్టింది దాసన్నపేట, ఉంటున్నది అమెరికాలో. జబ్బే అక్కరలేదండీ, కాగితం చాలు. 2023 జులై 20న ఇండియా బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మర్నాటికి ఇక్కడి ఇండియన్ దుకాణాల ముందు మనవాళ్ళే, సోనా మసూరి కోసం. ఒక్కొక్కరి బండిలో ఐదారు సంచులు. ఇంటికి ఒకటే అని బోర్డు పెడితే భార్యాభర్తలు వేరు వేరు వరసల్లో నిలబడ్డారు. ధర ఒక్కసారిగా పెరిగింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేశారు. నిషేధం ఉన్నన్నాళ్ళూ అన్నం లేక పస్తున్న తెలుగువాడిని నేను చూడలేదు.

2020లో ఇక్కడ టాయిలెట్ పేపరు కోసం కొట్టుకున్నారని మీరంతా నవ్వారు కదా. దానికీ కిరాణా అన్నయ్య చెప్పిన నూనె కథే. ఆఫీసుల్లో వాడే పెద్ద చుట్టలు మిగిలిపోయాయి, జనం ఇళ్ళలో కూర్చునేసరికి ఇంటి చుట్టలు చాల్లేదు. పైన భయం.

---

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
7 జనవరి, మధ్యాహ్నం 1.25

నిన్నటి నుంచి చదువుతున్నాను. అందరూ నెల సరుకా, మూడు నెలల సరుకా అని మాట్లాడుతున్నారు. మా ఇంట్లో నెల సరుకు అనేదే ఉండేది కాదు.

మా నాన్న తాపీ పని చేసేవారు. సాయంత్రం కూలి డబ్బులు అందితే వస్తూ పావు కిలో పప్పు, పావు లీటరు నూనె, రెండు ఉల్లిపాయలు, చిన్న సబ్బు. అమ్మ ఆ సంచి కోసం పొయ్యి వెలిగించకుండా కూర్చునేది. 2020 మార్చి 23 నుంచి పని లేదు. చేతిలో ఉన్న డబ్బుతో కొట్టుకు వెళ్తే పావు కిలో విడిగా అమ్మడం లేదన్నారు, కిలో ప్యాకెట్లయితే ఉన్నాయి, అవీ పాత ధరకు కావు. ఆ కొట్టు పేరు రాయను. మా వీధికి అదొక్కటే దిక్కు.

29 నుంచి రేషను ఉచితంగా ఇచ్చారు, బియ్యం, కిలో కందిపప్పు. ఏప్రిల్ 4న వలంటీరు వచ్చి వెయ్యి రూపాయలు ఇచ్చి వెళ్ళాడు. దానితో నిలబడ్డాం. మా చిన్నాన్న గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవ మీద చిక్కుకుపోయాడు, మన జిల్లా మత్స్యకారులు వేలమంది అక్కడే. వాళ్ళను బస్సుల్లో తీసుకొచ్చేసరికి ఏప్రిల్ దాటిపోయింది.

ముందుజాగ్రత్త గారూ, మీరు "నేను ఏ ఇంటివాడిని కావాలి" అని అడిగారు. ఎంచుకునే వీలు మీకు ఉంది కాబట్టి అడిగారు. మా ఇల్లు ఎప్పుడూ తొంభైఒక్కటిలోనే.

---

ముందుజాగ్రత్త
7 జనవరి, మధ్యాహ్నం 2.02

మీ నాన్నగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ పావు కిలో అమ్మనన్నది ఆ కొట్టువాడు, ధర పెంచింది హోల్‌సేల్ వ్యాపారి. వాళ్ళను వదిలేసి ఇంటికి నాలుగు సబ్బులు ఎక్కువ తెచ్చుకున్నవాడిని బోనులో నిలబెడుతున్నారు. తూనికల శాఖ, పౌర సరఫరాల శాఖ ఏం చేస్తున్నాయని ఒక్కరూ అడగలేదు.

---

గంటస్తంభం కిరాణా
7 జనవరి, మధ్యాహ్నం 3.15

ఆ మాటలో సగం నిజం ఉంది. దాచినవాళ్ళు మా వ్యాపారుల్లో ఉన్నారు, నేను కాదనను. కానీ ఎవరి ధైర్యంతో దాచారు? పొద్దున్న ఆరింటికి ఎంతైనా ఇస్తామని నిలబడ్డ జనాన్ని చూసి. గిరాకీ లేని సరుకు ఎవడూ దాచడు. అదే మార్చిలో కోడి మాంసం చూడలేదా? కోడి తింటే వైరస్ వస్తుందన్న పుకారు పుట్టింది, ధర పాతాళానికి పడింది, ఫారాలవాళ్ళు ఉచితంగా పంచిపెట్టారు. కోళ్ళను ఎవరూ దాచలేదు.

పావు కిలోల సంగతి. మొదటి రోజు సాయంత్రం మా నాన్నగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఖాతా పుస్తకం తెరిచారు. రోజువారీ ఖాతాలున్న ఇళ్ళన్నిటికీ పప్పు, నూనె, చక్కెర చిన్న పొట్లాలు కట్టించి వెనక గదిలో పెట్టించారు. ముందు గదిలో సరుకు అయిపోయినా అవి తీయనివ్వలేదు. కారులో వచ్చిన ఒకాయన ఆ పొట్లాలు చూసి రెట్టింపు ఇస్తానన్నాడు. "మీరు మళ్ళీ జులైలో మా కొట్టుకు వస్తారా?" అని అడిగారు నాన్న. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. దీన్ని దానం అనకండి, వ్యాపారమే. ఆ ఖాతాలవాళ్ళు ఇవాళ్టికీ మా దగ్గరే కొంటున్నారు.

---

వీధిగుమ్మం
7 జనవరి, సాయంత్రం 5.40

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక అనుమానం. మొన్న అక్టోబరులో గుర్ల వైపు అతిసారం ప్రబలినప్పుడు మా ఆడపడుచు వాళ్ళు క్యాన్ నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు గుట్టగా కొన్నారు. అలాంటివైనా ఉంచుకోవాలా?

---

మందుల చీటీ
7 జనవరి, సాయంత్రం 6.10

నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు చాలు. అవీ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు. నీళ్ళ మీద అనుమానం ఉంటే మరిగించండి, క్యాన్ మీద సీలు ఉన్నంత మాత్రాన లోపలి నీళ్ళు మంచివని కాదు. బ్లీచింగ్ పౌడరు కూడా సంచుల కొద్దీ తెచ్చుకోవద్దు, మూత సరిగా లేకపోతే కొన్ని నెలల్లో సత్తువ పోయి సున్నం మిగులుతుంది.

---

ఉద్దానం జీడితోట
7 జనవరి, సాయంత్రం 6.30

ఉప్పు అంటే గుర్తొచ్చింది. మా చుట్టం ఒకాయన సంతబొమ్మాళి మండలంలో ఉంటాడు, ఇంటి నుంచి చూస్తే నౌపడ ఉప్పు మడులు కనిపిస్తాయి. ఆయన 2020లో పది కిలోల ఉప్పు ప్యాకెట్లు కొన్నాడు.

---

లెక్కల మాస్టారు
7 జనవరి, సాయంత్రం 6.41

ఆయన చుట్టరికం ఒప్పుకోకండి.

---

నిర్వాహకుడు
7 జనవరి, రాత్రి 7.20

"15 తర్వాత మూసివేత" అన్న గొంతు రికార్డును ముగ్గురు ఇక్కడ పెట్టారు, తీసేశాం. అలాంటి ప్రభుత్వ ప్రకటన ఏదీ లేదు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో లేని సందేశాలు పెట్టవద్దు. చర్చ తెరిచే ఉంటుంది.

---

వీధిగుమ్మం
7 జనవరి, రాత్రి 8.05

పండగ సామాను, మామూలు నెల సరుకు, అత్తయ్యగారి మందులు తెచ్చాను. పై అంతస్తు వాళ్ళకు ఈ చర్చ చూపించాను. చదివి, నూనె ఒక పెట్టె మాకు కొన్న ధరకే ఇస్తామన్నారు. అరిసెలకు తీసుకున్నాను.

---

ముందుజాగ్రత్త
9 జనవరి, ఉదయం 7.50

నా అభిప్రాయం మారలేదు. వేరే సంగతి అడుగుతాను. కందిపప్పు 20 కిలోలు పురుగు పట్టకుండా ఎలా ఉంచాలి? మా ఇంట్లో ఉండేది ముగ్గురం, నెలకు కిలోన్నర అవుతుంది.

---

లెక్కల మాస్టారు
9 జనవరి, ఉదయం 8.15

ఏడాదికి పైమాటే.

---

నాగావళి గట్టు
9 జనవరి, ఉదయం 8.40

మా అమ్మ చెప్పమన్నది: రెండు రోజులు గట్టి ఎండలో పోసి, పూర్తిగా చల్లారాక కొద్దిగా ఆముదం పట్టించి, తడి తగలని డబ్బాల్లో మూత బిగించి పెట్టాలి. ఎండు వేపాకు వేయాలి. ఒకే డ్రమ్ములో పోయవద్దు. ఒకచోట పురుగు పడితే అంతా పోతుంది, చిన్న డబ్బాలైతే ఒకటే పోతుంది. వండే ముందు వేడి నీళ్ళతో కడగాలి.

---

గంటస్తంభం కిరాణా
9 జనవరి, ఉదయం 9.02

అమ్మగారు చెప్పినట్టు చేయండి. అట్టపెట్టె సబ్బులకు దూరంగా పెట్టండి, పప్పుకు వాసన పడుతుంది. శ్రీకాకుళంలో మీరు కొన్న కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి. తీసుకోకపోతే విజయనగరం దాకా మాత్రం తేవద్దు, ముందే చెబుతున్నాను.